రెండో గొంతు

మార్చి 4
కళ్ల క్లినిక్ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూసేస్తారు. రిసెప్షన్‌లో కూర్చునే నాకు ఆ మూడు గంటలూ ఖాళీ. ఇంటికొచ్చి గోళ్లు గిల్లుకోవడం దేనికని కొత్త పని మొదలుపెట్టాను. ఫోన్‌లో ఒక యాప్ వాక్యాలు చూపిస్తుంది, నేను చదివి రికార్డ్ చేయాలి. యంత్రాలకి మాటలు నేర్పడానికట. వచ్చేది చిల్లరే. నాలుగు వందల వాక్యాలు చదివితే అక్కకి ఒక్క స్పీచ్ థెరపీ సిట్టింగ్.

రోజూ ముందుగా మైక్ టెస్ట్‌కి ఒకటే వాక్యం: రైలు రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది.

మార్చి 6
ఫ్యాన్ చప్పుడు వినపడకూడదట. ఫోన్‌ని బీరువా అంచు మీద పెట్టి, బట్టల్లో తల దూర్చి చదువుతున్నాను. చెమటతో ముద్దయిపోయాను. అక్క గదికీ ఈ గదికీ మధ్య ఉన్నది కర్టెన్ ఒక్కటే. నా అవతారం చూసి మొహం తిప్పుకుంది.

మార్చి 9
థెరపిస్టు వచ్చింది. అక్కని ‘అ’ అనమంది. అక్క పుస్తకం విసిరికొట్టింది. పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు. కాలు తిరిగొచ్చింది, మాట రాలేదు. ముప్పై ఏళ్లు క్లాసులో పిల్లల చేత స్పష్టంగా చదివించిన మనిషి, ఇప్పుడు మూతి వంకర పోతుందని ఎవరి ముందూ పెదవి విప్పదు. ఇంకో నెల చూస్తానని, ఆ తర్వాత తను వచ్చి కూడా లాభం లేదని వెళ్తూ వెళ్తూ థెరపిస్టు చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. అక్క మీద కోపం కూడా.

మార్చి 12
పదిహేడు వాక్యాలు రిజెక్ట్. కారణం: రికార్డింగ్‌లో వేరొకరి గొంతు.

మార్చి 13
ఇంకో ఇరవై. వంద దాటితే అకౌంట్ మూసేస్తారట. పై ఇంటాయన టీవీయే అనుకుని మెట్లెక్కి వెళ్లి కడిగిపారేశాను. ఆయన పాపం లోపలికి పిలిచి గోడ చూపించాడు. రెండు మేకులున్నాయి. టీవీ వారం నుంచి రిపేరు షాపులో ఉందట. సిగ్గుతో చచ్చాను.

మార్చి 14, మధ్యాహ్నం 2:10
ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వాల్యూమ్ మొత్తం పెంచి విన్నాను. ముందు నా గొంతు. దాని వెనకాలే ఇంకొకటి, బరువుగా, తడబడుతూ. రై... లు... రెం...

అక్క.

నా తల బట్టల్లో ఉంటే నాకేం వినపడదని దాని ధీమా. కర్టెన్ దాకా వెళ్లాను. లాగేసి కావలించుకోవాలనిపించింది. నాకు తెలిసిపోయిందని తెలిస్తే మళ్లీ నోరు కట్టేసుకుంటుంది. వెనక్కి వచ్చేశాను.

మార్చి 16
థెరపిస్టుకి ఫోన్ చేశాను. చూసీ చూడనట్టు ఉండమంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎక్కువసేపు ఆగమంది. ఆగితే అక్క గొంతు రికార్డింగ్‌లో ఇంకా బాగా పడుతుంది. పడనీ.

మార్చి 19
‘ఆలస్యంగా’ మొత్తం అంది!

మార్చి 23
అకౌంట్ మూసేశారు. రావాల్సిన చిల్లర కూడా రాలేదు. మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. మధ్యాహ్నం మామూలుగానే బీరువాలో తల దూర్చి, గుర్తున్న వాక్యాలన్నీ చదివాను. ఫోన్ స్విచాఫ్.

మార్చి 27
గుర్తున్నవి అయిపోయాయి. క్లినిక్ నుంచి తెచ్చిన చుక్కల మందు డబ్బా మీది సూచనలు చదివాను. మధ్యమధ్య ఆగి, బట్టల్లోంచి తల తీసి చెవి పెట్టాను. అక్క అవీ అంది.

మార్చి 30
ఒళ్లు వెచ్చగా ఉంది. బీరువా తెరవకుండా కుర్చీలో కూలబడ్డాను. పావుగంటకి కర్టెన్ కదిలింది. అక్క, గోడ పట్టుకుని. నా మొహంలోకి సూటిగా చూస్తూ, ఒక్కో మాటా కూడదీసుకుని అడిగింది, ఇవాళ నీకు పడిపోయిందా నోరు అని.