కోటు తొడిగించిన ఫోటో

గద్వాల,
జూన్ 3

ప్రేమగల మనవరాలు వర్షకు,

ఫోన్లో నా చెవులకు సగం మాటే పడుతుంది. అందుకే ఎదురింటి వనజ చేత రాయిస్తున్నాను. వనపర్తి హాస్టల్లో వేళకు తింటున్నావా?

తాత పోయి పది నెలలు. నాకు ఏడుపు రాలేదు. అన్నం తింటున్నాను, మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను.

పంచాయితీ ఏమిటంటే, సంవత్సరీకానికి గోడకు పెట్టాలని మీ నాయన బాలరాజు ఆధార్ కార్డులోని తాత మొఖం స్టూడియోలో ఇచ్చాడు. వాళ్లు దాన్ని ఎవరిదో కోటు, టై ఉన్న ఒంటికి అతికించారు.

"ఎవర్రా ఈ తాసీల్దారు?" అన్నాను.

"అందరు గిట్లనే చేయిస్తున్నరమ్మా. మంచిగనే ఉన్నడు."

"బనీను మీద మగ్గం గుంటల కూసున్న మనిషికి కోటెందుకురా? పరాయి మొగోనికి నేను దండం పెట్టాల్నా?"

మీ నాయన ఫోటోను మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

తాతది వేరే ఫోటో లేదు. సెలవుల్లో నీ ఫోన్లో చూపించావే, ఎవరెవరో తమ ఫోటోలు పెట్టే సైటు, అందులో గద్వాల కోట ముందు నిలబడినవాళ్లు బోలెడు మంది. వాళ్ల వెనక చీరల మూటతో మీ తాత పోతూ ఉండడా? ఆ ఫోటోలన్నీ దాచిపెట్టే సారుకు నా మాట చెప్పు. వెతికి ఇమ్మను.

నీ అవ్వ రాజేశ్వరి (వేలిముద్ర)

*

వనపర్తి,
జూన్ 15

ప్రియమైన అవ్వా,

అందులో సారు ఎవరూ ఉండరు. ఎవరి ఫోటోలు వాళ్లే పెడతారు, ఎవరైనా చూడొచ్చు. గద్వాల అని కొడితే వేలల్లో వచ్చాయి. జాతర తేరు, కోట బురుజు, కృష్ణ ఒడ్డు. నాలుగు వందలు చూశాను. వెనక నుంచి పంచె కట్టిన ప్రతివాళ్లూ తాతలాగే ఉన్నారు.

నాయనను ఎక్కువ తిట్టకు. ఆ కోటు ఫోటో తెచ్చిన రోజు బస్టాండు నుంచి నాకు ఫోన్ చేసి ఏడ్చాడు.

నీ వర్ష

*

గద్వాల,
జూన్ 28

వర్షా, నా తల్లీ,

వనజ ఫోన్లో నేనే వేలితో జరుపుతున్నాను. తాత కోసం మొదలుపెట్టి ఇప్పుడు అన్నీ చూస్తున్నాను. ఎక్కడిదో మంచు. ఎవరో సగం తిన్న దోశ. ఒకామె రోజూ తన కిటికీలోంచి ఒకటే మురుగునీళ్ల మోరీ ఫోటో తీసి పెడుతుంది.

"గిదెందుకే?" అంటే, "ఎవరన్న చూస్తరని అవ్వా," అంది వనజ.

చూశాను. చూస్తున్నంతసేపు నాలో ఏమీ కదలదు. అదే హాయిగా ఉంది.

"ముసల్దానికి ఫోన్ పిచ్చి వట్టింది," అన్నాడట వనజ పెనిమిటి. "నీ లెక్క పేకాటకు పోతున్ననా బిడ్డా?" అని అడిగాను.

కోట దగ్గర వెతకకు. ఆయనకు కోటలో ఏం పని? మగ్గాలు చూడటానికి వచ్చినవాళ్ల ఫోటోలు వెతుకు.

అవ్వ (వేలిముద్ర)

*

వనపర్తి,
జులై 19

అవ్వా,

దొరికాడు. ఆరేళ్ల కింద మన ఇంటికొచ్చిన బెంగళూరు ఆవిడ తీసింది. రాస్తే పెద్ద సైజుది పంపింది. తాత మగ్గంలో కూర్చొని పక్కకు చూస్తూ నవ్వుతున్నాడు. ఆ పక్కన, చీర అంచుకు దారం విసిరే నాడె పట్టుకొని నీ చెయ్యి, మోచేతి దాకా, ఆకుపచ్చ గాజులతో. నీ మొఖం పడలేదు.

నాయనకు పంపాను. నీ చెయ్యి స్టూడియోలో తీసేయిస్తాడట. బతికున్న మనిషి ఉన్న ఫోటోకు దండ వేయకూడదని పెద్దవాళ్లు అన్నారట. నేను కాదనలేకపోయాను.

వర్ష

*

గద్వాల,
ఆగస్టు 6

వర్షకు,

పరీక్షలని నువ్వు రాలేదు. నిన్న సంవత్సరీకం అయింది.

ఫోటోలో నవ్వు ఆయనదే. అంచు నాడె నేను ఆలస్యంగా వేస్తే "నిద్ర వోతున్నవా రాజీ?" అని నవ్వేవాడు. అప్పుడు తీసింది.

"గాజుల చెయ్యి అమ్మా, పదిమంది వస్తరు," అన్నాడు మీ నాయన స్టూడియోకు పోయేముందు.

"గాజులు పదో నాడు పగలగొట్టిండ్రు. ఇప్పుడు చెయ్యి గూడ తీస్తరా? చెయ్యి లేకుంటే ఆయన గోడను చూసి నవ్వినట్టుంటది. దండ వేయొద్దంటే వేయకుండ్రి."

మీ నాయన లేచి బయటికి పోయాడు. ఫోటో తెచ్చేదాకా ఏం చేశాడో నాకు తెలియదు. తెచ్చినదాంట్లో చెయ్యి ఉంది.

భోజనాల దగ్గర తాత ఫోటో చూసి ఎవరో అడిగారు, "బుచ్చన్నకు దండ ఏది?" అని.

నేను నోరు తెరిచేలోపే బాలరాజు అన్నాడు, "అండ్ల మా అమ్మ గూడ ఉన్నది. గందుకే వేయలే."

అవ్వ (వేలిముద్ర)