కూర్చుని పెట్టిన దండం

1927 ఆగస్టు 27, శనివారం

రాయి అల్లుడా. నేను చెప్పినట్టే రాయి, నీ బడి మాటలు కలపకు. అక్షరం రాకపోయినా ఈ పుస్తకం నాది.

దిగువ రేవులో ఊరిపెద్ద నాయుడి అరుగు దగ్గర పంచాయితీ అయింది. నా దోనెను గొడ్డలితో నరకాలట. పోయిన ఏడు కొర్ర కొత్త పండగకి ఏరు దాటుతుంటే దోనె తిరగబడింది. మా ముసలాడు పోయాడు. తెడ్డు నా చేతిలో ఉంది... ఆడది తెడ్డు పట్టింది కాబట్టి అమ్మవారికి కోపం వచ్చింది. అదీ వాళ్లకు తోచింది. ముప్పై ఏళ్లు ఇదే తెడ్డుతో ఈ ఊరిని దాటించాను. అన్నేళ్లూ అమ్మవారు నిద్రపోయిందా?

ఒక్క వారం గడువు అడిగాను. వచ్చే శనివారం పండగ. ఆ రోజు నా ఇంటివాళ్లను ఎక్కించుకుని అవతలికి వెళ్లి వస్తాను. ఒక్కరు నీళ్లలో పడినా దోనెను నేనే నరుకుతాను అన్నాను.

నాయుడు నవ్వాడు. "ముందు నీ కొడుకునెక్కించవే ముసిలీ, సూద్దుం!"

ఆగస్టు 28

కామన్న ఎక్కనన్నాడు. కన్నకొడుకు. "నన్నొగ్గీయే అమ్మా..." అంతే, లేచి పోయాడు. ఏడాదిగా ఏటి వైపు చూడడు.

కొత్త కొర్రలు అమ్మవారి రాతికి పెట్టందే ఇంట్లో పొయ్యి మీదికి ఎక్కవు. ఆ రాయి అవతలి ఒడ్డున ఉంది. దోనె లేకపోతే పైనుంచి చుట్టూ తిరిగి రెండు రోజుల నడక. నా మోకాళ్లతోనా!

కోడలు ముత్తి ఇంకా నయం, పోట్లాడింది. "మా అయ్య నన్ను కొండ మీద పెంచినాడు అత్తా. నానేటి కప్పనా?"

కూతురు బాలింత, దాన్ని అడగను. దాని మొగుడు... రాస్తున్నాడు కదా, తల ఎత్తడు.

ఆగస్టు 29

ఇది రాయి. ఎవరికీ చదివి వినిపించకు.

ఏటి నడిమికి వెళ్లేసరికి చెట్లు తప్పుకుని అమ్మవారి కొండ కనిపిస్తుంది. కనిపించగానే లేచి నిలబడి దండం పెట్టాలి. మా తాతల నాటి నుంచీ అంతే. పోయిన ఏడు నిండు ఏరు, దోనెలో ఆరుగురం. లేవకండి అని అరిచాను. ఒకడు లేచాడు. వాణ్ణి చూసి అందరూ లేచారు. ఒక్క మాను తొలిచి చేసిన దోనె — ఎంతమందిని నిలబెడుతుంది?

ముందు లేచింది ఎవరో పంచాయితీలో చెప్పలేదు. నేను చెప్పను. వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

అల్లుడి కలం ఆగింది. "నానూ లెగిసేను కదత్తా."

నువ్వు మిషను దేవుడికి మొక్కేవాడివి దానేలూ, మా అమ్మవారికి ఎందుకు లేచావు?

"అందరూ లెగిత్తే... నానొక్కణ్ణీ కూకుంటే బాగుంటాదా?"

రాయి. అది కూడా రాయి.

ఆగస్టు 31

నేల మీదే నేర్పుతున్నాను. దోనెను ఇసకలోకి లాగించి ముత్తినీ దానేలునీ కూర్చోబెట్టాను. కొండొచ్చింది అని నేను కేక వేస్తే కూర్చునే చేతులు జోడించాలి. మొదటిసారి ఇద్దరూ లేచారు. తెడ్డుతో వీపున చెరొకటి. రెండోసారి ముత్తి లేచింది, దోనె కాస్త కదిలింది — "ఓలమ్మో, ములిగిపోతన్నాం!" ఇసకలో! ఒడ్డున ఊరు ఊరంతా నవ్వు. నవ్వనీ.

దానేలు కళ్లు మూసుకుని గొణుగుతున్నాడు. కళ్లు మూస్తే ఏరెక్కడికెల్తాది అల్లుడా అన్నాను.

పొద్దు వాలేసరికి ఇద్దరూ లేవడం మానేశారు. కామన్న దూరంగా మద్ది చెట్టు కింద నిలబడి చూశాడు. రాలేదు.

సెప్టెంబరు 1

రాలేదు. నేనూ పిలవలేదు.

సెప్టెంబరు 2

కామన్న గట్టు మీద వెదురు చీలుస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. కత్తి పక్కన పెట్టాడు.

"నానెక్కితే మల్లీ నానే ముందు లెగిసిపోతానే అమ్మా. కాళ్లు నా మాట ఇనవు."

"నా ముందర కూకో. నా మోకాళ్ల మజ్జిన. లెగిసేవా, తెడ్డు నీ నెత్తి మీదే."

"ముసిలిదానివి, నీ దెబ్బ నాకేటి తగుల్తాది..."

నవ్వాడు. ఏడాది తర్వాత.

సెప్టెంబరు 3, శనివారం

పండగ. ఎర్ర నీళ్లు, గట్టు దాకా ఏరు. ఒడ్డున జనం. నాయుడి మనిషి భుజాన గొడ్డలి... ఎంత తొందరో.

ముత్తి దిష్టికని దోనె అడుగున కొడవలి పెట్టింది. ఒడిలో కొర్రల బుట్ట. దానేలు రెండు అంచులూ పట్టుకున్నాడు. కామన్న ఎక్కాడు. నా ముందర.

తెడ్డు వేశాను. నడిమికి వచ్చాం. చెట్లు తప్పుకున్నాయి — కొండ.

కామన్న తొడలు బిగిశాయి. నా మోకాళ్లకు తెలిసింది. అరవలేదు. చెవిలో చెప్పాను — "కూకో నాయనా."

చేతులు జోడించాడు. కూర్చునే. ముత్తీ జోడించింది. దానేలు తన దేవుణ్ణే పిలిచాడు, పిలవనీ, కూర్చునే పిలిచాడు. దోనె కదల్లేదు.

రాతికి కొర్రలు పెట్టాం. ఆ పక్కనే మా ముసలాడి రాయి, శవం దొరికిన చోటే నిలబెట్టింది. నాచు పట్టింది. చెంగుతో తుడిచాను. దోనె పోతే దీన్ని మళ్లీ చూడను.

తిరిగి వచ్చాం. ఎవరి జుట్టూ తడవలేదు.

నాయుడు ఒడ్డునే ఉన్నాడు. "లెగలేదంట కదే? అమ్మోరికి కూకుని దండవా? ఇదింకో తప్పు. రేపు రండి, తేలుద్దుం."

పడితే నా తప్పు. పడకపోయినా నా తప్పు.

సెప్టెంబరు 4

ఎందుకు కూర్చున్నారని అడుగుతారు. లేస్తే తిరగబడుతుంది అంటాను. పోయిన ఏడు ముందు లేచిందెవరు అంటారు... అక్కడ నా నోరు మూతపడుతుంది. గొడ్డలి ఎత్తితే దోనెలో కూర్చుంటాను. ముందు నా మీద వెయ్యమను.

పొద్దున్నే రేవులోకి వస్తే కామన్న ముందే ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. దోనెలో నీళ్లు తోడుతున్నాడు.

"బేగి రాయే అమ్మా. నాయుడి రేవుకి ఏటి మీదే ఎల్దుం."

"అక్కడేటి సెప్తావురా?"

తెడ్డు నా చేతికి ఇచ్చి, ఎక్కి, ముందర కూర్చున్నాడు. ముఖం కనపడదు, వీపే.

ఆపు అల్లుడా. కలం లోపల పెట్టి నువ్వూ ఎక్కు.