తిప్పినా తిరగని మచ్చ

…నిన్న ఈ ఉత్తరం సగంల ఆపిన నీలక్కా. మన యాడి రొట్టెలు చేయనీకి పిలిస్తే పేజీ మడిచి సోషల్ బుక్కుల పెట్టిన, ఇగ ఆపిన కాడ నుంచే రాస్తున్న. పైన "ఇక్కడ అందరు మంచిగున్నరు, నువ్వు గూడ నిజామాబాద్ హాస్టల్ల మంచిగున్నవనుకుంట" అని రాసిన గదా. ఎట్ల రాసిననో మళ్ల చదువు. యాడి మంచిగుంది, బాపు మంచిగుండు, మేకపిల్ల గూడ మంచిగుంది. అండ్ల నా పేరు లేదు.

ముందుగాల నువ్వు అడిగినవి చెప్త. నంబర్ చిన్నగుంటే చిన్నగ కనిపిస్తదా అన్నవు. కాదక్కా, ఉల్టా. సుచరిత టీచర్ ట్రాన్స్‌ఫరై పోతూ నాకు ఇచ్చిన టెలిస్కోప్‌కు మూడు ఐపీస్‌లు ఉన్నయి, అంటే మనం కన్ను పెట్టే అద్దాలు. ఇరవై, పన్నెండు, నాలుగు. నాలుగుతోని అన్నిటికంటే పెద్దగ కనిపిస్తది. అట్లని అదే మంచిదనుకోకు, నేను గూడ ఫస్ట్ గట్లనే అనుకున్న. బోరు కాడి కరెంట్ స్తంభం చూస్తే అంత మసక, ఊపిరి పీల్చినా ఊగుతది, బాపు ఫోన్ల ఫోటోను గుంజి గుంజి పెద్దగ చేసినట్లు. ఇరవైతోని అయితే స్తంభం మీద కూసున్న పిట్ట ముక్కు గూడ సాఫ్ కనిపిస్తది. మన చిన్న టెలిస్కోప్‌కు గదే బెస్ట్. దాంతోని వెతికి, దొరికినంక పన్నెండు పెట్టాలె.

చంద్రుడు ఎట్లున్నడని అడిగినవు. ఏం చూసిన? పొద్దుగూకినంక ఆడపిల్ల మిద్దె ఎక్కొద్దు అంటది యాడి. "చంద్రున్ని దగ్గరికి గుంజుకొచ్చి ఏం జేస్తవే? బాసన్లు తోముతడా?" అని నవ్వుతది. బాపు ఏమో, "కిందికెళ్లి చూడు బిడ్డా, ఆయనకు ఏడికెళ్లైనా గంతే దూరం" అంటడు. కిందికెళ్లి చూస్తే గోపీచంద్ మామ రేకుల షెడ్డు కనిపిస్తది.

నాకు పగలే మిగిలింది అక్కా.

ఇగ మచ్చ సంగతి. నాలుగు నంబర్ ఐపీస్ ఖరాబ్, మధ్యల నల్ల మచ్చ ఉందని పోయిన ఉత్తరంల రాసిన. నువ్వు పాపం కొత్తది ఆర్డర్ పెట్టినవు. ఇంకోటి గూడ రాసినవు: "మా నర్సింగ్ ల్యాబుల మైక్రోస్కోప్‌కు ఒకటి చేస్తం సంగీ. ఐపీస్‌ను పట్టుకొని తిప్పు. మచ్చ గూడ తిరిగితే దుమ్ము అద్దం మీదుంది. తిరగకుంటే వేరే కాడ ఉంది." వేరే కాడ అంటే ఏడనో నువ్వు రాయలే.

తిప్పిన. మచ్చ తిరగలే. పన్నెండు పెట్టిన, అదే చోట. ఇరవై పెట్టిన, అదే చోట. టెలిస్కోప్ పక్కకు పెట్టి గోడ మీది క్యాలెండర్ చూసిన. ఎడమ కన్ను మూస్తే, ఏ తారీఖును చూస్తే ఆ తారీఖు ఉంటలేదు. చుట్టూ ఉన్నవి ఉంటున్నయి.

నువ్వు తిట్టకు. టెలిస్కోప్ డబ్బల "సన్" అని రాసి ఉన్న నల్ల అద్దం ఒకటుండె. "ఇది ఐపీస్‌కు బిగించి సూర్యున్ని చూడమంటరు, కానీ వేడికి పగుల్తది. పడెయ్" అన్నది టీచర్. పడేసిన అని చెప్పిన. పడేయలే, జామెట్రీ బాక్సుల దాసిన. చంద్రున్ని చూడనియ్యకపోతే నాకు మిగిలింది ఆయనే గదా. ఒక ఆదివారం యాడి నీళ్లకు పోయినప్పుడు ఇరవైకి బిగించి చూసిన. మస్తుండె అక్కా, నిమ్మపండు లెక్క. ఆయన మీద గూడ రెండు చిన్న మచ్చలు ఉన్నయి, వాటినే లెక్కపెట్టుకుంట కూసున్న. అద్దం టక్ అన్నది, పగిలింది. వెంటనే కన్ను తీసిన. వెంటనే అనే అనుకుంటున్న. నొప్పి లేదు, అందుకే ఎవ్వరికి చెప్పలే. పదమూడు రోజులైంది.

ఇప్పుడు కండ్ల వార్డుల డ్యూటీ అని రాసినవు గదా. ఇది పోతదా? నిజం చెప్పు. బోర్డు మీద మధ్యల అక్షరం కనిపించక పక్కదాని నోట్స్ చూసి రాస్తున్న. బాపుకు చెప్తే టెలిస్కోప్ పగలగొడ్తడు. యాడి స్కూలే బంద్ చేయిస్తది. "ఇంగ్లీష్ చదువుకు పోయి కన్ను పోగొట్టుకుంది" అని తండా అంత అంటది. నువ్వు చెప్పేదాంక నేను ఎవ్వరికి చెప్ప. సోమవారం మన తండా గీత నీ హాస్టల్‌కు వచ్చేటప్పుడు ఈ ఉత్తరం ఆమె చేతికిస్త, జవాబు గూడ ఆమె చేతికే…

తలుపు కొడ్తుండు. బాపు. ఆటో అప్పుడే వచ్చినట్లుంది.

"సంగీ! నీల పంపిన పార్శిల్ వచ్చిందే, బస్టాండ్ కాడ తీసుకున్న. గడియ తియ్యి."

చదువుకుంటున్న అన్న.

"చదువు ఏడికి పోతది? ఇయ్యాల నేను గూడ మిద్దె ఎక్కుత. ఎండ మంచిగుంది, ముందుగాల సూర్యున్ని చూద్దాం. పొద్దుగూకినంక చంద్రున్ని చూద్దువు, మీ యాడికి నేను చెప్త."

జర ఆగు బాపూ అన్న. నవ్వుతుండు. "ఈ కొత్త అద్దం పెట్టుడు నాకు రాదా ఏంది? నువ్వు నిమ్మలంగ రా."

టెలిస్కోప్ బయటి అర్రలనే ఉండె అక్కా, బాపు ఎత్తుకున్నట్లుండు. దాని కాళ్లు మెట్లకు తగిలిన చప్పుడు వస్తుంది. ఎక్కుతుండు.

కాగితాలు బియ్యం డబ్బ కింద పెడ్తున్న. పగిలిన నల్ల అద్దం చేతిల పట్టుకొని పోతున్న. బాపుకు ముందు అదే చూపిస్త.

ఇట్లు,
ఉరుకుతున్న నీ చెల్లె,
సంగీత