తోమకూడని సింహం

అత్తయ్యకు నమస్కారాలు. మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. మీరు కంగారుపడకండి, మీ వంతు కూడా నేనే పడుతున్నాను.

మేం పనిచేసే ఈ సముద్రపుటొడ్డు బంగళా రాజుల కాలంనాటిదట. సెలవులు గడపడానికి వచ్చే డబ్బున్నవాళ్ళకు వారాల లెక్కన అద్దెకిస్తారు. వీధి తలుపుకి ఇత్తడి సింహం ముఖం ఉంది. ఉప్పుగాలికి పచ్చగా, నల్లగా చిలుం పట్టిపోయింది. కొత్తవాళ్ళు దిగేలోపు చూడ్డానికి బాగుండాలని, మీరు నేర్పినట్టే చింతపండు పెట్టి మీసాల సందులతో సహా తోమేశాను. మేనేజరు చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఎంత పని చేశావమ్మా! ఆ పాతదనం చూసే కదా జనం అంతంత అద్దె ఇచ్చేది! ఫొటోల్లో ముందుండేది ఆ సింహమే!"

వచ్చే నెల యజమాని వస్తారు. ఈలోగా అది మునుపటిలా కాకపోతే మా ఇద్దర్నీ పంపించేస్తారట. మీ అబ్బాయి తోటపనికి ఏ వంకా లేదు, నా మూలాన ఆయనకీ ముప్పొచ్చింది. ఏం చేద్దామంటే, "అమ్మకి ఉత్తరం రాయి" అని మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయారు.

చంటిదానికి దగ్గు తగ్గిందా? పెద్దాడు బడికి పేచీ పెడుతున్నాడా? వాడి గొడుగు బీరువా వెనకాల ఉంది. ఇద్దరికీ నా ముద్దులు.

అత్తయ్యా, ఇత్తడికి త్వరగా చిలుం పట్టాలంటే ఏం చెయ్యాలి? నవ్వకుండా వెంటనే రాయండి. రోజూ ఉప్పునీళ్ళు చల్లుతున్నాను. ఆ మొండి సింహం మాత్రం, మీరు చూస్తే మురిసిపోయేలా మెరుస్తూనే ఉంది.

మీ కోడలు