గానెట్ ఓడలో మంచినీళ్ళు

సెయింట్ మార్టిన్ రేవు,
జనవరి, 1986

ప్రియమైన వెర్నా పెద్దమ్మా,

భోజనానికి ముందు ఈ ఉత్తరం చదవకు. అమ్మకి అసలే చూపించకు. ఎవరైనా చేప కోస్తుంటేనే కళ్ళు తిప్పుకునే మనిషి ఆవిడ. ఆవు కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి దూడను బయటికి లాగే పశువుల డాక్టరువి కాబట్టి, నీకైతే ఉన్నదున్నట్టు రాయొచ్చు.

పెద్దమ్మా, మా బడి నడిచే ఈ గానెట్ ఓడ ఉంది చూశావూ, ఒకటే కంపు! బడివాళ్ళు పంపిన రంగుల కాగితంలో తెల్లటి తెరచాపలూ, నీలి నీళ్ళూ, తాళ్ళు పట్టుకుని నవ్వే పిల్లలూ ఉన్నారు కదా. ఆ ఫొటో తీసినవాడు మెట్లు దిగి కిందికి వచ్చి ఉండడు. కింద మా పక్కలు బీరువా అరల్లా ఒకదాని మీద ఒకటి ఉంటాయి. నా పై అరలో టామ్సిన్ అని, గాలేస్తే ఎగిరిపోయేటంత పిల్ల. హాలిఫాక్స్ వదిలిన రోజే కక్కింది. అది నా జుట్టులో పడింది. నేను కక్కింది కింది అరలో పిల్ల చెప్పుల్లో పడింది. బెర్ముడా దాటేదాకా ఇదే వరస. జావలో పురుగులు కనిపిస్తే మొదట్లో ఏరేవాళ్ళం, ఇప్పుడు కలిపేసుకుని తాగుతున్నాం. స్నానానికి సముద్రపు నీళ్ళే. మంచినీళ్ళు తాగడానికి మాత్రమే, అవీ కొలిచి పోస్తారు. మరుగుదొడ్డిలో పని అయ్యాక చేతిపంపు కొట్టినట్టు కొట్టాలి. నాలుగుసార్లు లోపలికి పోతుంది, ఐదోసారి వెనక్కి వస్తుంది. అంతకంటే రాయను.

చదువు మాత్రం బాగుంది. కెప్టెన్ స్ట్రౌడ్ గారు నక్షత్రాన్ని చూసి మనం ఎక్కడున్నామో లెక్కకట్టడం నేర్పిస్తున్నారు. ఎంత ఎండలోనైనా ఆయన చొక్కా మడత నలగదు. "సముద్రం మీద మనిషికి మిగిలేది మాట ఒక్కటే" అంటారు. ఆయన మాట్లాడుతుంటే కంపు కూడా మరిచిపోతాం.

మరిచిపోనివ్వనివాడు ఒకడున్నాడు, ఎమిల్ తేరియో. మాంక్టన్‌లో వాళ్ళ నాన్నకి చొక్కాల దుకాణం ఉంది. ఓడెక్కిన రోజు ఇస్త్రీ చేసిన చేతిరుమాళ్ళు దొంతరగా పెట్టుకుని వస్తే అందరం నవ్వాం. ఇప్పుడు వాడు పక్కనుంచి వెళితే కళ్ళు మండుతున్నాయి! గోళ్ళలో నల్లటి మట్టి, ప్యాంటు మోకాళ్ళ దాకా ఏదో జిగురు. నిన్న నేను తెరచాప కుడుతుంటే వచ్చి, "హెస్టర్, నీతో ఒక మాట చెప్పాలి" అన్నాడు. "ఛీ, అటు నిలబడి చెప్పు, గాలి ఇటు కొడుతోంది" అన్నాను. కాసేపు నిలబడి, ఏమీ చెప్పకుండానే పోయాడు. మగపిల్లలు వాడికి 'మురుగు' అని పేరు పెట్టారు. నేనూ అలాగే పిలుస్తున్నాను.

మీ దొడ్డి కంపు కోసం బెంగపెట్టుకున్న,
హెస్టర్

*

లూనెన్‌బర్గ్,
జనవరి ఆఖర్న

నా బంగారు హెస్టర్‌కి,

నీ ఉత్తరం భోజనం చేస్తూనే చదివాను. నాకేం కాలేదు. పొద్దున్నే కార్కమ్ వాళ్ళ ఆవుకి కుళ్ళిన మాయ చేత్తో లాగి వచ్చినదాన్ని, నీ జుట్టులో వాంతికి నా ఆకలి చస్తుందా? మీ అమ్మకి మాత్రం "పిల్ల బాగా చదువుకుంటోంది" అని చెప్పాను. అబద్ధం కాదు కదా.

కానీ ఒసేయ్, నీ ఉత్తరంలో ఒక ముక్క నాకు గొంతులో ముల్లులా అడ్డం పడింది. ఆ తేరియో కుర్రాడు. రుమాళ్ళు ఇస్త్రీ చేసుకునేవాడు వారాల్లో అలా ఎందుకవుతాడు? శుభ్రంగా ఉండే గుర్రం ఉన్నట్టుండి ఒళ్ళంతా పెంట పూసుకుందంటే నేను గుర్రాన్ని తిట్టను, వెళ్ళి కొట్టం చూస్తాను. వాడు ఎక్కడ తిరుగుతున్నాడో, ఏం పని చేస్తున్నాడో కనుక్కో. వాడు చెప్పాలనుకున్న మాటేంటో అడుగు. ముక్కుకి గుడ్డ కట్టుకునైనా అడుగు.

ఇక్కడ మంచు నడుముల దాకా ఉంది. నా బండి గుంటలో దిగబడితే, ఎవరి దూడని బతికించడానికి వెళ్ళానో వాళ్ళ ఎద్దులే దాన్ని బయటికి లాగాయి.

నీ పెద్దమ్మ,
వెర్నా

*

డొమినికా,
ఫిబ్రవరి

ప్రియమైన పెద్దమ్మా,

రాయడానికి చేతిలో బలం ఇప్పుడే వచ్చింది. ఓడలో సగం మందికి పైగా పడిపోయాం. కడుపులో మెలితిప్పే నొప్పి, నీళ్ళ విరేచనాలు, జ్వరం. ఉన్న రెండు మరుగుదొడ్ల ముందు వరస. వరసలో ఆగలేనివాళ్ళకి బకెట్లు. ఆ బకెట్లు మోసేవాళ్ళు కూడా జారిపడేవాళ్ళు. నేల మీద కాలు పెట్టాలంటే ఒళ్ళు జలదరించేది. మనిషి లోపల ఇంత రోత ఉంటుందని నాకు తెలియదు.

టామ్సిన్ చావు అంచుదాకా వెళ్ళింది. దానికి రక్తం పడింది. పెదాలు పగిలి, కళ్ళు లోపలికి పోయి, "నీళ్ళు, నీళ్ళు" అని ఒకటే గొణుగుడు. నేనే పక్కన కూర్చుని చెంచాతో నీళ్ళు పోశాను. ఎంత పోసినా కక్కేది. మళ్ళీ పోసేదాన్ని.

ఇక్కడికి చేరాక కెప్టెన్ గారు అందర్నీ పైకి పిలిచారు. "ఈ రోగం ఒకరి అశుభ్రత వల్ల వచ్చింది" అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. అందరికీ రొట్టెలు కోసే వంతు ఎమిల్‌కీ వచ్చేది. "నేను నిర్ణయించను. ఇది మీ ఓడ. ఎమిల్ దిగిపోవాలనేవాళ్ళు చెయ్యెత్తండి" అన్నారు.

అందరం ఎత్తాం. నేనూ ఎత్తాను. ఎమిల్ తెరచాప స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. మా వైపు చూడలేదు. కెప్టెన్ గారి వైపే చూస్తున్నాడు, ఆయన ఇంకేదో చెప్పాల్సింది మరిచిపోయారేమో, గుర్తొస్తుందేమో అన్నట్టు. ఆయన చొక్కా చేతులు సరిచేసుకున్నారు. ఎమిల్‌ని పెట్టెతో పాటు చిన్న పడవలో దించేశారు. పడవవాడు కూడా ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ పూట పక్కలన్నీ సబ్బుతో కడిగాం. కిటికీలు తెరిచాం. పీడ విరగడైందని కొందరు పాటలు పాడారు. నాకూ హాయిగానే అనిపించింది.

ఇప్పుడే రేవు ఆఫీసు నుంచి నీ ఉత్తరం తెచ్చి ఇచ్చారు. కొట్టం చూడమన్నావు. పెద్దమ్మా, ఎమిల్ వెళ్ళి మూడు రోజులైంది. కంపు పోలేదు. పెరిగింది. దాన్ని తలుచుకుంటే నాకు భయంగా ఉంది.

నీ,
హెస్టర్

*

లూనెన్‌బర్గ్,
ఫిబ్రవరి

హెస్టర్, తల్లీ,

ఇది మీ ఓడ తర్వాత ఆగే బెక్వియా రేవుకి అన్నిటికంటే ముందు బయల్దేరే విమానంలో పంపిస్తున్నాను. వార్తలేం లేవు. ఒకటే మాట. ఆ ఓడలో నీళ్ళు తాగకు. టామ్సిన్‌కి పొయ్యకు. మరగబెట్టినవైనా సరే వద్దు. కొబ్బరి బొండాలు కొనుక్కోండి.

బడి ఆఫీసుకి ఫోన్ చేశాను. "కొత్త గాలి, కొత్త తిండి. సర్దుకుంటారండీ" అంది అక్కడి ఆవిడ. "నేను పశువుల డాక్టర్ని. మందలో సగం పారుకుంటూ పడిపోతే సర్దుకుంటాయనే రైతుని గుమ్మం ఎక్కనివ్వను" అని పెట్టేశాను. మంద అంతా ఒకేసారి పడిపోతే ముందు చూడాల్సింది తొట్టి. వెళ్ళి తొట్టి చూడు. ఒక్కదానివే వెళ్ళకు.

మాంక్టన్‌లో తేరియో వాళ్ళ నంబరు పట్టుకుని వాళ్ళమ్మతోనూ మాట్లాడాను. కొడుకుని క్రమశిక్షణ లేదని దించేశామని వాళ్ళకి కబురంట. వాడు ఇంటికి చేరలేదు. డొమినికాలోనే, రోజో ఊళ్ళో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ తల్లి ఫోన్లో ఏడుస్తూ, "మా వాడు మురికిగా ఉన్నాడంటున్నారు, మా వాడా?" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది.

పెద్దమ్మ

*

రోజో, డొమినికా,
మార్చి

ప్రియమైన పెద్దమ్మా,

పైన ఊరు పేరు చూసి నువ్వు కంగారుపడతావు. నేను ఓడ దిగిపోయాను. ఒళ్ళు బాగానే ఉంది. జరిగింది వరసగా చెబుతాను.

బెక్వియాలో నీ ఉత్తరం అందిన రోజే నేనూ, ఇంకో ఇద్దరు పిల్లలూ దీపం పట్టుకుని ఓడ అడుగుకి దిగాం. అక్కడ నిటారుగా నిలబడే చోటు లేదు. పాదాలు చీలమండల దాకా దేంట్లో మునిగాయో నీకు చెప్పక్కర్లేదు. మరుగుదొడ్డి గొట్టం పగిలి ఉంది. దానికి గుడ్డలు చుట్టి, తాడుతో కట్టి ఉన్నాయి. ఆ గుడ్డలు చేతిరుమాళ్ళు పెద్దమ్మా. పక్కనే మంచినీళ్ళ తొట్టి. దాని మూత అంచు తుప్పుపట్టి నోరు తెరుచుకుంది. ఓడ ఊగినప్పుడల్లా ఆ మురుగు లేచి అందులోకే పోతోంది. మూత ఎత్తి దీపం పెట్టి చూశాను. నేను టామ్సిన్ నోట్లో చెంచాతో పోసింది అదే. నాకు అక్కడే కడుపులోదంతా వచ్చేసింది. పక్కనున్న అబ్బాయి ఏడ్చేశాడు.

పైకి వచ్చి గ్లాసు నిండా ఆ నీళ్ళు పట్టుకెళ్ళాను. కెప్టెన్ స్ట్రౌడ్ పాఠం చెబుతున్నాడు.

"తాగండి కెప్టెన్" అన్నాను.

"దాహంగా లేదు."

"ఒక్క గుక్క."

"కూర్చో హెస్టర్. పాఠం పాడుచేయకు."

టామ్సిన్ గోడ పట్టుకుని లేచి నిలబడింది. దాని గొంతు పిచ్చుక గొంతు. "నేను దాహమంటే ఇవే తాగించారు కదండీ, మీరూ తాగండి" అంది.

ఆయన గ్లాసు తీసుకున్నాడు. సముద్రంలో పారబోశాడు. వేళ్ళు తుడుచుకున్నాడు. "పుస్తకాలు తెరవండి" అన్నాడు. ఒక్కరూ తెరవలేదు. ఒకడు మాత్రం లేచి ఆయన గదిలోకి వెళ్ళి సోడా సీసాల పెట్టె మోసుకొచ్చి అందరి మధ్యలో పెట్టాడు. ఆయన అన్నాళ్ళూ తాగింది అవే. పెద్దమ్మా, ఓడ అడుగున చూసినదానికి నాకు వెలపరం పుట్టింది కానీ, ఆ నలగని చొక్కాని చూసినప్పుడు పుట్టిన రోత వేరు. అది కక్కితే పోయేది కాదు.

మేమంతా చిన్న పడవల్లో ఒడ్డుకి వచ్చేశాం. రేవు అధికారి వచ్చి తొట్టి చూసి, ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికొచ్చి, ఓడ కదలకూడదని తాళ్ళు కట్టించాడు. పిల్లలందర్నీ ఇళ్ళకి పంపిస్తున్నారు. నేను మాత్రం అరటిగెలలు మోసే ఓడలో వెనక్కి, ఇక్కడికి వచ్చాను.

ఎమిల్ మంచం మీద సగం మనిషిలా ఉన్నాడు. నన్ను చూసి, "చెయ్యెత్తావు. చూశాను" అన్నాడు.

"నువ్వు మా వైపు చూడలేదనుకున్నా."

"అందర్నీ చూశాను."

కూర్చోమనలేదు. నిలబడే ఉన్నాను. తర్వాత తనే చెప్పాడు. సెయింట్ మార్టిన్ రాకముందే కెప్టెన్ వాడిని పిలిచి, "నీకు శుభ్రత ఇష్టం కదా, నిన్నే నమ్ముతున్నాను" అని అడుగుకి దింపాడట. గ్రెనడా చేరాక బాగుచేయిస్తాను, అప్పటిదాకా పిల్లల్ని భయపెట్టొద్దు, ఇది మన ఇద్దరి మధ్య మాట అన్నాడట. వాడు రోజూ బకెట్లతో తోడి పోశాడు. ఉప్పునీళ్ళకి ఆ జిగురు వదిలేది కాదు, కడుక్కోడానికి మంచినీళ్ళు ఇవ్వలేదు. తొట్టిలోకి కారుతోందని కనిపెట్టి చెబితే, "కారడం లేదు. నోరు తెరిస్తే ఈ చేతులతో రొట్టెలు ముట్టుకున్నది ఎవరో అందరికీ చెబుతాను" అన్నాడట. అయినా నేను తెరచాప కుడుతున్న ఆ రోజు నా దగ్గరికి చెప్పడానికే వచ్చాడు.

"తర్వాతైనా అరవాల్సింది ఎమిల్."

"నా చేతుల వల్లేనేమో అనుకున్నాను" అన్నాడు. "టామ్సిన్ అలా అయింది నా చేతుల వల్లేనేమో అని. ఇప్పటికీ రోజంతా కడుక్కుంటూనే ఉన్నా."

వాడి చేతులు చూశాను. తోలు లేచి, ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి.

ఏదో అనబోతుంటే వాడికి వాంతి వచ్చింది. సిస్టర్ ఒఫీలియా అని ఇక్కడి నర్సు, నోరున్న మనిషి, "ఏంటి పిల్లా, బొమ్మలా నిలబడ్డావ్? బేసిన్ పట్టుకో!" అని అరిచింది. పట్టుకున్నాను. పచ్చగా, చిక్కగా, నా వేళ్ళ మీదికి వచ్చింది. అసహ్యం వేయలేదని నీకు అబద్ధం రాయను. వేసింది. బేసిన్ కడిగి తెచ్చాను. మళ్ళీ పట్టుకున్నాను. మధ్యాహ్నం దాకా అదే పని.

నువ్వూ వాళ్ళమ్మా కలిసి పంపిన టిక్కెట్లు అందాయి. శనివారం బయల్దేరుతున్నాం. నాతో రావడానికి ఒప్పుకున్నాడు కానీ, విమానంలో మా ఇద్దరి మధ్యా ఒక సీటు ఖాళీగా ఉండాలన్నాడు. "ఇంకా నీ పక్కన కూర్చోలేను. నిన్ను చూస్తే నాకు ఎలాగో ఉంటుంది" అన్నాడు. నేను సరేనని, వెళ్ళి సీట్లు మార్పించి వచ్చాను.

నీ కూతురు,
హెస్టర్