సగటు పంపను

17 ఆగస్టు 1981

మామిడికుదురు ఏటిగట్టు ఆఫీసులో వైర్‌లెస్ ఆపరేటరుగా నాకిది మొదటి వరద. వానకి సెట్టు నిండా గరగర. అన్ని స్టేషన్లకీ అమలాపురం కంట్రోలు రూముతో ఒకటే ఛానెల్. ఒక్కొక్కరికి నిమిషం వంతు. అందుకని గట్టు మీద నాలుగు చోట్ల తీసిన కొలతలు కలిపి సగటు ఒక్కటే పంపాలని రూలు. నీళ్ళకీ గట్టు పైఅంచుకీ మధ్య ఎన్ని అడుగుల ఎడం ఉందో ఆ కొలత.

కుదించడం తప్పని నేననను. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివినప్పుడు నేర్చుకున్నది అదే. సన్నని దారిలో పెద్ద వార్త పట్టదు, కొంత వదలాలి. ఏది వదిలితే నష్టం లేదో ముందు తేల్చుకోవాలి. ఇక్కడ అదెవరు తేల్చారు?

ఇంజనీరు బాలగంగాధరం గారిని అడిగాను. సగటులో నాలుగూ ఉన్నట్టే కదమ్మా అన్నారు. మూడిళ్ళు పొడిగా ఉండి నాలుగోది మునిగితే, సగటున ఎవరూ మునగనట్టేనా అండీ అన్నాను. ఆయనకి నచ్చలేదు.

18 ఆగస్టు

సగటే పంపాను. ఒళ్ళు మండింది.

19 ఆగస్టు, ఉదయం 11

గట్టు కాసే లస్కరు అప్పన్న తడిసి ముద్దయి వచ్చాడు. నాలుగో చోట, మెరకలంక ఊరి మలుపులో, అడుగు కూడా లేదుట. గట్టు కింద బురదనీళ్ళు ఊరుతున్నాయిట. ఆగదండీ ఇది, లంకోళ్ళని కాళీ చేయించెయ్యాలండీ అన్నాడు. మిగతా మూడు చోట్లా గట్టు దిట్టంగా ఉంది. సగటు తీస్తే నాలుగడుగులు. భయం లేదని దానర్థం.

ఫార్మాట్ ప్రకారమే పంపమన్నారు బాలగంగాధరం గారు. మలుపు సంగతి చెప్పడానికి అమలాపురానికి జీపులో మనిషిని పంపుతానన్నారు. రోడ్డు మీద నీళ్ళున్నాయి కదండీ, జీపెలా వెడుతుంది అన్నాను.

నా వంతు వచ్చింది. మూడు మంచి కొలతలూ వదిలేశాను. "మెరకలంక. గట్టు ఊరుతోంది. పడవలు." అంతే. గరగరలో ఓ ముక్క పోయినా ఇంకోసారి దొరుకుతుందని అదే మళ్ళీ మళ్ళీ చెప్పాను. ఫార్మాట్ చెప్పండి, ఫార్మాట్ చెప్పండి అని అవతలి నుంచి కేకలు. రాజోలు స్టేషను వంతు కూడా నేనే తినేశాను. చివరికి, పడవలు, ఆయ్, అందిందండీ అన్నాడు అవతలి ఆపరేటరు.

బాలగంగాధరం గారు నా వెనకే నిలబడి ఉన్నారు. మైకు లాక్కోలేదు. అది కూడా రాసి ఉంచాలి.

20 ఆగస్టు

మధ్యాహ్నం గట్టు తెగింది. నిన్న సాయంత్రానికే పడవలొచ్చి లంకలో అందరినీ హైస్కూలుకి చేర్చేశాయి. లంకలో ఉండే బుచ్చమ్మగారి గేదెలు పోయాయి. ఆవిడ బడి మెట్ల మీద కూర్చుని, గేదెల మాట కూడా ఓ ముక్క చెప్పలేకపోయేవా అమ్మా అంది. నేను వదిలేసినవాటిలో అవీ ఉన్నాయి.

2 సెప్టెంబరు

మెమో. ఫార్మాట్ ఉల్లంఘన. మరో స్టేషను టైము వాడుకోవడం. నాది టెంపరరీ పోస్టు. క్షమాపణ రాసెయ్యమ్మా, మిగతాది నేను చూసుకుంటాను అని బాలగంగాధరం గారు నెమ్మదిగానే చెప్పారు. రాజోలు వాళ్ళకి రాస్తానండీ, వాళ్ళ వంతు తిన్నాను కాబట్టి. ఆఫీసుకి రాయను అన్నాను.

3 సెప్టెంబరు

జవాబిచ్చాను. "పంపాను. రేపైనా అదే పంపుతాను."

20 సెప్టెంబరు

ఉద్యోగం తియ్యలేదు. అల్లవరం స్టేషనుకి మార్చారు.

9 ఆగస్టు 1982

మళ్ళీ వరద. కంట్రోలు రూములో ఇప్పుడు బాలగంగాధరం గారు. నా వంతు రాగానే ఆయన గొంతు. సగటు వద్దమ్మా, గట్టు ఎక్కడ బలహీనంగా ఉందో అది చెప్పండి.

గరగరండీ, మళ్ళీ చెప్పండి అన్నాను.

గరగర లేదు.