కమలాక్షి దిగేదాకా చీపురు ముట్టొద్దు

అక్కా,

పాలు కాచి మూత పెట్టాను. ఇల్లు మాత్రం ఊడ్వొద్దు. నీ మరదలు కమలాక్షి విమానం ఈరోజు పొద్దున తొమ్మిదికి బొంబాయిలో లేస్తుంది. కువైట్‌లో దిగేదాకా చీపురు ముట్టుకోకు. ప్రయాణం పోయినవాళ్లు చేరకముందే ఇల్లు ఊడ్వకూడదని చెప్పింది నువ్వే. మొన్నటి నుంచి నా మిషను కింద గుడ్డముక్కలు కుప్పపడ్డాయని సణుగుతున్నదీ నువ్వే. ఇంకొక్క పూట ఓర్చుకో.

ఎన్నింటికి ఊడ్వాలో చెబుదామంటే నాకే తేలడం లేదు. ఏజెంటు కాగితంలో పదిన్నరకు దిగుతుందని ఉంది. అంటే గంటన్నర. దూరమేమో రెండువేల ఏడువందల కిలోమీటర్లట. మనకు పుంగనూరు పోవడానికే గంట పడుతుంది కదా! పక్కింటి మాస్టరును అడిగితే, "ఆడ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనకుంటాదప్పా. విమానం పోయేది నాలుగు గంటలు" అన్నాడు. గడియారం వెనకబడితే మనిషి ముందెలా దిగుతుంది? తిరుగు విమానానికైతే అదే కాగితం లెక్కన ఆరున్నర గంటలవుతుంది. పోయే దారి, వచ్చే దారి ఒకటి కాదా?

ఎందుకైనా మంచిది, మూడు దాటాక ఊడ్చు. నేను పుంగనూరులో స్కూలు యూనిఫారాలు ఇచ్చేసి సాయంత్రం బస్సుకు వస్తాను.

చిన్నప్ప

మొన్న మదనపల్లె బస్టాండులో బస్సెక్కుతూ కమలాక్షి, "రెండేండ్ల నర్సుద్యోగమే గదా, యాల మొగం అట్ల పెట్టుకుంటావు?" అనింది. కాగితంలో గంటన్నరే నాలుగు గంటలైతే, ఆమె చెప్పిన రెండేండ్లు ఎన్నేండ్లవుతాయక్కా?